సెలబ్రిటీ మ్యూజిక్ ఇంటర్వ్యూ గారికి ఒంగోలు నుంచి ఒక మేనమామ రాసుకునేది

అయ్యా ఇంటర్వ్యూ గారూ,

నమస్కారం. మీరు లాస్ ఏంజెలెస్‌లోనో లండన్‌లోనో మెత్తటి సోఫాలో ఉంటారు, మేం ఒంగోలు కర్నూలు రోడ్డులో ఉంటాం, ముఖపరిచయం లేదు, అయినా చాన్నాళ్ళ నించి మీ మకాం మా ఇంట్లోనే. మా అక్క కొడుకు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మిమ్మల్ని వింటానే అన్నం తింటాడు, వింటానే పడుకుంటాడు. ఏందిరా ఇది అంటే రోజువారీ ఇంగ్లీషు నేర్చుకుంటన్నా మావయ్యా, గ్రామర్ పుస్తకాలతో పనిలేదు, పెద్ద పెద్ద సింగర్లు మాట్లాడతంటే అదే వచ్చేస్తదంట. సర్లే, రానీ అనుకున్నాం. వచ్చింది. వచ్చినందుకే ఈ ఉత్తరం.

వాడు పనిచేసేది చీమకుర్తిలో ఒక గ్రానైట్ యార్డులో. బ్లాక్ గెలాక్సీ అంటారు, నల్లరాయిలో బంగారు రంగు చుక్కలు మెరుస్తంటాయి, మీ స్టార్లలో ఎవరో ఒకరి వంటగట్టు అదే అయ్యుంటది, వాళ్ళు వంటగదిలోకి పోతే కదా తెలిసేది. బయ్యర్లు వస్తంటారు, చైనా వాళ్ళు ఎక్కువ, వాళ్ళ ఇంగ్లీషూ అంతంతమాత్రం మన ఇంగ్లీషూ అంతంతమాత్రం, అయినా బేరం ఎక్కడా ఆగదు. బ్లాకు మీద నీళ్ళు కొట్టి, అది ఆరేదాకా చుట్టూ తిరుగుతా చూస్తారు, రాయంతా ఆరిపోయినా పగులున్న చోట తడి సన్నటి గీతలాగా నిలబడిపోద్ది, దానికి మార్కింగ్ పెట్టి ఇంత మేర కొలతలో కొట్టెయ్యమంటారు. క్రాకు, సైజు, అలవెన్సు, రేటు, లోడింగ్ ఎప్పుడు. అక్కడి రోజువారీ ఇంగ్లీషు ఇంతే, పట్టుమని పాతిక మాటలొస్తే రిటైరయ్యేదాకా నెట్టుకురావచ్చు.

మొన్నొక బయ్యర్ అట్టాంటి గీత మీద వేలుపెట్టి వాట్ ఈజ్ దిస్ అన్నాడంట. మావాడు గుండెల మీద చెయ్యేసుకుని, ఇట్స్ వెరీ రా, వెరీ వల్నరబుల్, బట్ దట్స్ వాట్ మేక్స్ ఇట్ అథెంటిక్ అన్నాడు. ఆయన టేపు చుట్టుకుని పక్క యార్డుకి పోయాడు.

ఇంట్లో ఇంకా ఘోరం. వాషింగ్ మెషిన్ కింద నీళ్ళు కారతన్నాయిరా, కస్టమర్ కేర్‌కి ఫోన్ చెయ్యి అని మా అక్క మొత్తుకుంటే ఇట్స్ బీన్ గోయింగ్ త్రూ ఎ లాట్ అని మొదలుపెట్టాడు, అవతలమ్మాయి ఒక నిమిషం ఓపిగ్గా విని, తెలుగులో చెప్పండి సార్ అంది. జొరమొచ్చినప్పుడు లీవు అడగమంటే మేనేజర్‌కి ఐ నీడ్ స్పేస్ టు హీల్ అని వాట్సాప్ పెట్టాడు. యార్డులోనే స్పేస్ లేక చస్తన్నాం, పొద్దున్నే రెండు లారీలు దిగతన్నాయి, వచ్చెయ్ అని రిప్లై.

అసలు మీతో వచ్చిన పేచీ ఏందంటే, మీ మాటల్లో వస్తువనేది ఉండదు. గంటసేపు మాట్లాడతారు, అందులో చెంబు ఉండదు, గరిటె ఉండదు, కరెంటు బిల్లు ఉండదు, ఏదీ ఎంతకి కొన్నారో ఉండదు. ఐ ఫీల్ లైక్‌తో మొదలెట్టి యు నో దగ్గర ఊపిరి పీల్చుకుని మళ్ళీ ఐ ఫీల్ లైక్. జర్నీ జర్నీ అంటారు, టిక్కెట్టు ఎక్కడికి తీశారో ఎవరూ అడగరు. ఎరా అని ఇంకోటి, అంటే ఒక కాలం, ఒక యుగం అని. టేలర్ స్విఫ్ట్ 2023 మార్చిలో మొదలుపెట్టి 2024 డిసెంబరు దాకా ఆ పేరుతో దేశాలు తిరిగింది, ఆల్బమ్‌కో ఎరా చొప్పున పాడింది, ఆల్బమ్స్ ఉన్నాయి కాబట్టి ఆమెకి చెల్లిద్ది. మావాడు డిగ్రీలో తప్పిన సబ్జెక్టులు రాసుకుంటా తిరిగిన కాలాన్ని మై సప్లీ ఎరా అంటన్నాడు, వాళ్ళ నాన్న ముందరే.

వాడు నెత్తిన పెట్టుకునే బీటీఎస్ అనే పాటల గ్యాంగులో ఆర్‌ఎం అని ఒకాయన ఉన్నాడు, కొరియా ఆయన, ఇంగ్లీషు ఇంటర్వ్యూ అంటే గ్యాంగు మొత్తం తరఫున ఎక్కువగా మాట్లాడేది ఆయనే. ఆయనెట్టా నేర్చుకున్నాడో 2017లో ఎలెన్ షో అనే అమెరికా టీవీ ఇంటర్వ్యూలో ఆయనే చెప్పాడు, వాళ్ళమ్మ ఫ్రెండ్స్ సీరియల్ డీవీడీలు కొనిచ్చిందంట, అవి చూసి నేర్చుకున్నాడంట. అంటే మీ సోఫాలో కూర్చునే, నాకు మీ దగ్గర రాలేదు బాబూ అని మీ మొహాన్నే చెప్పి లేచిపోయాడు! ఆ సీరియల్లో ఏముంటది చెప్పండి, ఇంటద్దె, కాఫీ, ఊడిన ఉద్యోగం, మెట్ల మలుపులో ఇరుక్కుపోయిన సోఫా. అవే కదండీ మాకు కావాల్సినవి.

మీ చుట్టాల్లో మంచోళ్ళు లేరని కాదు. 2015 నుంచి యూట్యూబులో హాట్ వన్స్ అని ఒక ఇంటర్వ్యూ వస్తంది, పది చికెన్ వింగ్స్, ఒకదాన్ని మించి ఒకటి కారం, తింటా జవాబు చెప్పాలి. మొదటి ముక్కలప్పుడు స్టారు గారు ఆర్టు, ఆత్మ, అన్వేషణ అనే అంటాడు, ఎనిమిదో ముక్క దాటాక ఉంటది చూడండి, పాలు, నీళ్ళు, నాలిక, ముక్కు, కళ్ళు, గుడ్డ ఇవ్వండి, ఆపండి! అదీ రోజువారీ ఇంగ్లీషంటే. (అంత మాత్రం కారానికి అన్ని కన్నీళ్ళు ఏందో మా అక్కకి ఇప్పటికీ అర్థం కాదు.) బీబీసీలో 1942 నుంచి డెజర్ట్ ఐలాండ్ డిస్క్స్ అని పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు మీ వంశంలోనే, ఒంటరి దీవిలో వదిలేస్తే ఏ ఎనిమిది పాటలు, ఏ పుస్తకం, ఏ ఒక్క వస్తువు పట్టుకుపోతావ్ అని అడుగుతాడు. అడిగితే చెప్తన్నారు కదా, వాళ్ళూ మనుషులే.

ఇక మా తెలుగు మ్యూజిక్ ఇంటర్వ్యూలకి కూడా మీ జబ్బు అంటింది, ప్రతివాడూ బ్లెస్డే, ప్రతి ట్యూనూ ఒక వైబే. పక్కన నెల్లూరు నుంచి పోయిన బాలు గారు 1996లో పాడుతా తీయగా మొదలుపెట్టి, పిల్లల్ని నిలబెట్టి ఒత్తు ఎక్కడ పడాలో, శ ఎక్కడ స అయిపోయిందో పట్టి పట్టి చెప్పేవాడు, ఆయన ముందు వైబ్ బాగుందని చెప్పి తప్పించుకోవడం కుదిరేది కాదు. సంగీతం వాళ్ళ దగ్గర భాష నేర్చుకోవడమంటే మాకు తెలిసింది అదీ.

ఒకటి మాత్రం చెప్పుకోవాలి, మీ పుణ్యాన వాడి చెవి కుదిరింది. గబగబా సగం సగం మింగేసి మాట్లాడే ఇంగ్లీషు కూడా పట్టేస్తన్నాడు. అందుకే ఫారిన్ ఫోనొస్తే వినేది వాడు, జవాబు చెప్పేది మేనేజరు, ఇద్దరూ కలిస్తే ఒక మనిషి.

కాబట్టి నా మనవి ఏందంటే, ఈసారి ఎవర్ని కూర్చోబెట్టినా, మీ ఇంట్లో కుళాయి కారితే ఎవరికి ఫోన్ చేస్తారు, ఏమని చెప్తారు, వాడెంత అడిగాడు, మీరెంతకి తెంపారు అని అడగండి, కొత్త ఆల్బమ్ సంగతికి చివర్లో రెండు నిమిషాలు చాలు. ఆ ఎపిసోడ్ వచ్చేదాకా మావాణ్ణి బయ్యర్ల దగ్గర నుంచి తీసేసి వేబ్రిడ్జి దగ్గర కూర్చోబెట్టారు. అక్కడ లారీ నంబరు, బరువు రాస్తే చాలంట, ఏమీ ఫీలవ్వక్కర్లేదు.

ఇట్లు,
ఒంగోలు మేనమామ