గుడ్డల పద్దు

మా ఆయనకి 2011 నాటి ఇంటి పన్ను రసీదు కావాల్సి వచ్చింది. ఇల్లు మా అబ్బాయి పేరు మీదికి మార్చాలని కాగితాలన్నీ పోగేస్తున్నారు. బీరువా, మంచం కింద సూట్‌కేసు, దేవుడి అర అన్నీ వెతికాక, అటక మీదున్న నా ట్రంకు పెట్టె మీద కన్ను పడింది. "అందులో కాగితాలెందుకుంటాయి, అవన్నీ నా గుడ్డలు" అని వంటింట్లోంచి అరుస్తూనే ఉన్నాను. దించి గొళ్లెం తీశారు. మూత ఆయన తీయలేదు, అదే లేచింది.

కలరా ఉండల వాసన హాలంతా కమ్మింది. ఆయన రసీదు సంగతి మరిచిపోయి, పెట్టె ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు.

"ఇన్ని ఎప్పుడు కొన్నావు?"

కొన్నది తక్కువే. నెల్లూరులో ఉంటూ ట్రంకు రోడ్డు మీద వెళ్లినప్పుడల్లా కట్ పీస్ కొట్టు ముందు కాలు ఆగకుండా ఎవరికి సాధ్యం? ట్రంకు రోడ్డులో కొన్నదేమో ట్రంకు పెట్టెలో చేరింది, అంతే. మిగతావన్నీ వచ్చిపడ్డవి. పెళ్లిళ్లలో పెట్టిన ప్యాంటు బిట్లు, షర్టు బిట్లు ఉన్నాయి. వాటిని కుట్టించే కూలి గుడ్డ ఖరీదు కన్నా ఎక్కువని ఆయన కుట్టించుకోరు. పారేస్తే పెట్టినవాళ్లని అవమానించినట్టని నేను పారెయ్యను. ఇక జాకెట్టు ముక్కల సంగతి చెప్పనక్కరలేదు. పేరంటానికి పోతే ఒకటి, సీమంతానికి పోతే ఒకటి, వరలక్ష్మీ వ్రతాల నాడు ఒకేరోజు అయిదు. మన స్వర్ణాల చెరువులో రొట్టెల పండగకి రొట్టెలు చేతులు మారినట్టు ఈ ముక్కలు ఇల్లిల్లూ తిరుగుతుంటాయి. అక్కడ రొట్టె తీసుకున్నవాళ్లకి కోరిక తీరుతుందని నమ్మకమైనా ఉంది. జాకెట్టు ముక్క తీసుకున్నవాళ్లకి జాకెట్టు ఎప్పుడు తీరుతుందో ఎవరూ చెప్పలేరు.

ఇందులో ఒక చేదు నిజం కూడా ఉంది. 1996లో నాకు 80 సెంటీమీటర్ల ముక్కలో పొట్టి చేతుల జాకెట్టు హాయిగా వచ్చేది, మెడకి పైపింగ్ పెట్టుకోను రవంత మిగిలేది కూడా. ఇప్పుడు మీటరు కావాలి. పెట్టెలో గుడ్డ అలాగే ఉంది, పెరిగింది నేనే.

మా ఆయన బ్యాంకులో ముప్పయ్యేళ్లు పద్దులు రాసిన మనిషి. రిటైరయ్యాక రాయడానికేమీ లేక వేళ్లు లాగుతున్నాయని అనుకుంటూ ఉండేవారు. ఆ రోజు వేళ్లకి పండగ. కొత్త నోటుపుస్తకంలో జమ, ఖర్చు, నిల్వ అని మూడు గళ్లు గీసి, టేపు పట్టుకుని కూర్చున్నారు. జాకెట్టు ముక్కలు 45, ఒక్కొక్కటి 80 సెంటీమీటర్లు, వెరసి 36 మీటర్లు. ప్యాంటు బిట్లు ఆరు. షర్టు బిట్లు నాలుగు. లంగాలకని కొన్న పాప్లిన్ రెండు తానులు, విప్పకుండా కొలవమన్నాను, మడతలు పోతాయని. పైగా నెమళ్ల పూల గుడ్డ ఎనిమిది మీటర్లు. మొత్తం 64 మీటర్ల 20 సెంటీమీటర్లు.

"ఇది సున్నా అయ్యేదాకా ఒక్క మీటరు కొనడానికి లేదు" అని కింద సంతకం పెట్టించుకున్నారు. పెట్టాను. ముప్పయ్యేళ్లు ఆయన సంతకాలు పెట్టించుకుంటే జనం పెట్టారు, నేనెంత.

మొదట నెమళ్ల గుడ్డ తీశాను. హాల్లో రెండు కిటికీలకి నాలుగు కర్టెన్లు, తలా రెండు మీటర్లు. లెక్క కుదిరిందన్న సంబరంలో ఎనిమిది మీటర్లనీ సగానికి మడిచి, ఆ మడతని ఇంకోసారి మడిచి, ఒకేసారి కోసి, అన్నిటికీ ఒకే వైపు కడ్డీ దూర్చే గొట్టం కుట్టేశాను. గుడ్డని అడ్డంగా మడిస్తే రెండో పొరలో బొమ్మ తిరగబడుతుందని, మిషను తొక్కడం నేర్చిన మొదటి వారంలోనే చెప్తారు. నేనప్పుడు విన్నాను కూడా.

సాయంత్రం తగిలించాం. ఎడమ కిటికీకి నెమళ్లు పురివిప్పి నిలబడ్డాయి. కుడి కిటికీకి తలకిందులయ్యాయి. మా అత్త సోఫాలో కూర్చుని చాలాసేపు చూసింది.

"ఏందిమే, ఆ పక్కన నెమళ్లు గబ్బిలాల మాదిరి యాలాడతా ఉండాయి?"

"అది డిజైను అత్తా" అన్నాను.

"డిజైనైతే కాళ్లు పైకి పెట్టి నడవాల్నా?"

విప్పి రెండోవైపు గొట్టం కుడితే సరిపోయేది. కానీ కుట్టు విప్పడమంటే నాకు చిన్నప్పట్నించీ పళ్లు పీకించుకున్నట్టు. పైగా మా ఆయన అప్పటికే 'ఖర్చు 8 మీ., నిల్వ 56.20' అని రాసేసుకున్నారు, పద్దు చెడగొట్టడం ఎందుకు? మా ఇంటికి వచ్చినవాళ్లు ఇప్పటికీ కుడి కిటికీ దగ్గర కాస్త మెడ వంచి చూస్తుంటారు.

ఆ తర్వాత ప్యాంటు బిట్ల పని పట్టాను. మందంగా ఉంటాయి కదా, సంచులకి బాగుంటాయి. బూడిదరంగు గీతల గుడ్డతో కుట్టిన సంచి పట్టుకుని మా ఆయన కూరగాయలకి వెళ్తే, వంకాయలు తూచే ఆవిడ "ప్యాంటు చినిగిందా సామీ?" అని పరామర్శించిందట. మిగిలిన వాటితో మిక్సీకి, గ్రైండరుకి, ఫ్రిజ్జు పిడికి తొడుగులు కుట్టాను. గ్యాస్ సిలిండరుకి నాడా వేసి లంగా కుట్టాను. అది చూసి మా అత్త మంచం మీద కాళ్లు దగ్గరికి ముడుచుకుంది.

నిల్వ 49 మీటర్లకి దిగింది. మా ఆయన మొహంలో ఆడిట్ ముగిసిన నాటి కాంతి కనిపించింది. అప్పుడే కథ అడ్డం తిరిగింది.

నేను గుడ్డముక్కలతో ఏవో కుడుతున్నానని వీధిలో పాకింది. పక్కింటావిడ గిన్నెడు చేపల పులుసు తెచ్చి, "అక్కా, మా ఇంట్లో కూడా రెండు ముక్కలుండాయి, నువ్వైతే ఏదో ఒకటి చేస్తావు" అంది. రెండంటే రెండు సంచులు. పులుసు తిన్నాక కాదంటే బాగుండదు. మామిడికాయ వేసి, ఒక రాత్రి నిలవ ఉంచిన పులుసది. మేడ మీద వాళ్లూ తెచ్చారు. చివరికి మా ఆడబిడ్డ. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి మా నెల్లూరు జిల్లాలోకి వచ్చింది, అప్పటికింకా మాతోనే ఉంది. మా ఆడబిడ్డ ఆ కందుకూరు నుంచి గోతం వేసుకుని బస్సులో వచ్చింది. "వదినా, మనం మనం ఒక జిల్లా, నీకు కాకపోతే ఇంకెవరికిస్తాను" అని గోతం హాల్లో కుమ్మరించింది. ముప్పై ఏళ్ల కిందట నేను ఆమెకి పెట్టిన మావిడిచిగురు రంగు జాకెట్టు ముక్క, నా చేత్తో రాసిన పసుపు చుక్కతో సహా, అన్నిటికన్నా పైన ఉంది.

మా ఆయన కొలవడం మానేశారు. సూట్‌కేసులు తూచే కొక్కెం పెట్టి ఎత్తి, జమ గడిలో '9 కిలోలు' అని రాశారు. మీటర్ల పుస్తకంలోకి కిలోలు రావడం ఆయనకెంత బాధో నాకు తెలుసు. ఆ రాత్రి పెరుగన్నం వద్దన్నారు.

అసలు ఘోరం శుక్రవారం జరిగింది. వీధి చివర సీమంతం, ఆరు గంటలకి రమ్మన్నారు. వెంకటగిరి నూలుచీర కట్టుకున్నాను. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన లేత గోధుమరంగు, సన్న జరీ అంచు. వెంకటగిరి కూడా 2022లోనే మా జిల్లా నుంచి తిరుపతి జిల్లాకి పోయింది, ఈ చీర అంతకు ముందుది. మాలో మాకు దీని మీద కాస్త మమకారం ఎక్కువ. అయిదున్నరకే తయారైపోయాను. అరగంట ఉంది. ఈలోగా మా అత్తకి ఇంట్లో వేసుకునే వదులు జాకెట్టు ఒకటి కోసేస్తే నిల్వ 80 సెంటీమీటర్లు తగ్గుతుంది కదా అనిపించింది. ఆ 'ఈలోగా' అన్న మాట లేకపోతే ఆడవాళ్ల జీవితంలో సగం నష్టాలు జరగవు.

నేల మీద కూర్చున్నాను. టూ బై టూ ముక్క నిలువునా మడిచి, పైన ఆది జాకెట్టు పరిచి, సుద్దతో మెడ గీశాను. జాకెట్టు మెడ కోసే కిటుకు తెలుసుగా. మడత మీద అర్ధచంద్రం కోస్తాం, విప్పితే నిండు గుండ్రం వస్తుంది. కత్తెర పెట్టాను. మామూలుగా టూ బై టూ వెన్నలా తెగుతుంది. ఆ రోజు బరువుగా 'కర్... కర్...' మంది. కత్తెర సాన పోయిందనుకుని బొటనవేలు గట్టిగా నొక్కాను. కత్తెరని తిట్టాను కూడా. తెగింది.

ముక్క చేతిలోకి తీసుకుని లేచాను. ఒడిలోంచి గోధుమరంగు నెలవంకలు గలగలా నేల మీద రాలాయి. జాకెట్టు గుడ్డ పచ్చరంగు. మరి ఈ గోధుమరంగు ఎక్కడిదబ్బా అని ఒక్క క్షణం నిజంగానే ఆలోచించాను.

కింద పరుచుకున్న నా కుచ్చిళ్లు! గంజి పెట్టిన చీర కదా, మడత మీద మడత కదలకుండా, కాగితంలా పడుకుని ఉన్నాయి. నా కత్తెర మడతల మీదే పోయింది. కుచ్చిళ్లు విప్పి చూస్తే వరసగా నాలుగు గుండ్రాలు, ఒకదానికొకటి జానెడు దూరంలో, కొలత తప్పకుండా. నేను ఇన్నేళ్లలో కోసిన మెడల్లో అంత చక్కగా వచ్చినవి లేవు.

నేను ఏడుద్దామా అనుకుంటుండగా మా అత్త వచ్చి చీర పట్టుకుని వెలుతురుకి ఎత్తి చూసింది.

"నలుగురికి మెడలు పెట్టినావు. మరి చేతులు యాడ పెడతావుమే?"

మా ఆయన నోరు మెదపలేదు. ముప్పయ్యేళ్ల అనుభవం అంటే అదే. లోపలికి పోయి పుస్తకం తెరిచారు. తర్వాత నేను దొంగతనంగా చూస్తే ఇలా ఉంది: 'ఖర్చు: జాకెట్టు 0.80. జమ: చీర (పనికిరానిది) 5.50. నిల్వ: 53.70 మీ. + 9 కిలోలు.'

సీమంతానికి పాలియెస్టర్ చీర కట్టుకుని ఏడింటికి వెళ్లాను. అక్కడ తాంబూలంతో పాటు జాకెట్టు ముక్క పెట్టారు.

రెండు రోజులు నేను మిషను దగ్గరికి పోలేదు. మూడోరోజు మా అత్తే చీర తీసి హాల్లో పరిచింది. "మిషనూ వద్దు, గిషనూ వద్దు. గమ్మున కూసో. బొంత కుడదాం" అంది. చిన్నప్పుడు వాళ్లూళ్లో ఒక్కో ఇంటికి నాలుగు బొంతలుండేవట. పైన పాతచీర, లోపల గుడ్డలు, పెద్ద సూదితో పొడుగు కుట్లు. ఆ చీరని సగానికి మడిచి, నడిమధ్యన కందుకూరు గోతాన్ని, పక్కింటి రెండు సంచుల్ని, నా జాకెట్టు ముక్కల్ని వరసలు వరసలుగా పేర్చింది. పాప్లిన్ తానుల్ని విప్పను కూడా విప్పలేదు, తల దగ్గర ఎత్తుగా ఉంటుందని మడతల మీదే పెట్టేసింది. నాలుగు మెడల కింద నాలుగు రంగుల ముక్కలు పెట్టి చుట్టూ కుట్టింది. ఆకుపచ్చ, కుంకుమ, నీలం, మావిడిచిగురు. చూస్తే నిజంగానే డిజైను అనిపించింది, కాకపోతే ఈసారి ఆ మాట నేను పైకి అనలేదు.

పదకొండు రోజులు కుట్టాం. అయ్యేసరికి రోళ్లు పగిలే రోహిణి కార్తె వచ్చింది. బయట వడగాలి కొడుతుంటే, ఫ్యాను కింద పద్నాలుగు కిలోల బొంత మధ్యలో పెట్టుకుని ముగ్గురం చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నాం. నెల్లూరులో చలికాలం మహా అయితే రెండు వారాలు, అప్పుడు కూడా దుప్పటి చాలు.

"పెట్టెలో పెడదాం" అన్నాను.

పెట్టె నిండింది. ఇంకా నిండింది. మూత పడలేదు. మా ఆయన మూత మీద కూర్చున్నారు, నేను గొళ్లెం పట్టాను. ఆయన కదిలినప్పుడల్లా లోపల్నుంచి చప్పుడు. గుడ్డ చేసే చప్పుడు కాదది.

ఆయన లేచారు. మూత తెరిచి, తల దగ్గర ఎత్తుగా ఉన్నచోట అరచేత్తో నొక్కారు. గరగర. మళ్లీ నొక్కారు. గరగర. పాప్లిన్ తాను మడతల్లో కాగితం. అప్పుడు నాకు గుర్తొచ్చింది, 2011లో ఆ రసీదు నేనే భద్రంగా, ఎలుకలు కొట్టకుండా ఉంటుందని...

మా ఆయన మెల్లగా షేవింగ్ బ్లేడు కోసం జేబులు తడుముకున్నారు.

"నా బొంత మీద బ్లేడు పెట్టినావంటే చూడబ్బయ్యా" అంది మా అత్త మంచం మీంచే, కళ్లు తెరవకుండా.