ఫిప్స్ 140 దొరవారికి, మాదాపూర్ నుంచి

ఎన్‌క్రిప్షన్ సాధనాలను పరీక్షించి అమెరికా ప్రభుత్వం వేసే ముద్ర అయిన మహారాజశ్రీ ఫిప్స్ 140 సర్టిఫికెట్ గారి సముఖానికి, హైదరాబాద్ మాదాపూర్‌లో ఐదో అంతస్తులో, ఏసీ గాలి సరిగ్గా మెడ మీద పడే సీట్లో కూర్చునే ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి నమస్కరించి రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి.

ఇక్కడ మేమంతా క్షేమం. మా కోడ్ కూడా క్షేమమే. అంటే, మీరు చూసిన రోజున ఉన్న కోడ్ క్షేమం. ఆ తర్వాత రాసినదాని క్షేమసమాచారం చెప్పే అధికారం మాకు లేదు.

నేను మీకు తెలిసే అవకాశం లేదు. మీ సముఖానికి వచ్చే ధరఖాస్తులో కంపెనీ పేరు, ల్యాబ్ పేరు, మాడ్యూల్ (అంటే ఎన్‌క్రిప్షన్ పని చేసే భాగం) పేరు, వెర్షన్ నంబరు, అది ఏ ప్రాసెసర్ మీద ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచిందో అన్నీ ఉంటాయి. కోడ్ రాసినవాడి పేరు మాత్రం ఉండదు. ఆరేళ్ళుగా మా ఆఫీసులో "ఫిప్స్ బిల్డ్", అంటే మీ నియమాల ప్రకారం తయారయ్యే వెర్షన్, చూసేది నేనే. ఏం పని చేస్తావురా అని మా అమ్మ అడిగితే, "అమెరికా గవర్నమెంటు వాళ్ళ కంప్యూటర్లకి తాళాలు చేస్తామమ్మా" అన్నాను. "తాళం గట్టిదేనా?" అంది. "గట్టిదని కాగితం ఉందమ్మా." "కాగితం సంగతి కాదురా, తాళం గట్టిదేనా?" ఆ రోజు పనుందని ఫోన్ పెట్టేశాను.

ఈ ఉత్తరం నలుగురి కంటా పడుతుంది గనక మీ వంశం గురించి రెండు ముక్కలు. మీ పెద్దన్న 140-1 పుట్టింది 1994లో. మరుసటేడు అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్, కెనడా ప్రభుత్వ సంస్థ కలిసి మీ పేరిట సీఎంవీపీ అనే ఆఫీసు తెరిచాయి. 2001లో 140-2, 2019లో 140-3. రహస్య ముద్ర లేకపోయినా బయటికి పొక్కకూడని సమాచారాన్ని అమెరికా ఫెడరల్ ఆఫీసులో ఏ సాఫ్ట్‌వేర్ ఎన్‌క్రిప్ట్ చేసినా, అందులో ఆ పని చేసే మాడ్యూల్‌కి మీ నంబరు ఉండాలి. లేకపోతే ఏమవుతుందో మీ ఆఫీసువారే తేల్చి చెప్పారు: ఆ సమాచారాన్ని అసలు ఎన్‌క్రిప్టే చేయనట్టు లెక్క. ఎంత గట్టి తాళం వేసినా దాని మీద మీ బిళ్ళ లేకపోతే తలుపు బార్లా తీసి ఉన్నట్టే. ఈ ఒక్క మాట మీద ఎన్ని ల్యాబులు, ఎంతమంది కన్సల్టెంట్లు, నాతో సహా ఎంతమంది ఫిప్స్ బిల్డ్ వాళ్ళు బతుకుతున్నారో! ఉప్పు తిన్నవాణ్ణి, కాబట్టి మర్యాదగానే రాస్తాను.

మీ దర్శనానికి పట్టే కాలం గురించి ఎక్కువ రాయను, అందరికీ తెలిసిందే. ముందు గుర్తింపు ఉన్న ల్యాబ్ నెలల తరబడి పరీక్షిస్తుంది. ఆ రిపోర్టు మీ ఆఫీసుకి చేరాక మాడ్యూల్ పేరు ఒక బహిరంగ జాబితాలోకి ఎక్కుతుంది. రివ్యూ పెండింగ్, ఇన్ రివ్యూ, కోఆర్డినేషన్, ఫైనలైజేషన్. సంక్రాంతికి ఊరెళ్ళేవాడు పీఎన్ఆర్ స్టేటస్ చూసుకున్నట్టు ప్రపంచం మొత్తం మీద నాలాంటివాళ్ళు పొద్దున్నే ఆ పేజీ తెరుస్తారు. క్యూ ఎంత పెరిగిందంటే, 2024లో మీవాళ్ళు సమీక్ష కాస్త తగ్గించి రెండేళ్ళ గడువుతో "ఇంటెరిమ్" సర్టిఫికెట్లు ఇవ్వాల్సి వచ్చింది. మామూలుగా మీ ఆయుష్షు ఐదేళ్ళు. తర్వాత చారిత్రక జాబితా, అంటే గడువు తీరినవాటి జాబితా. 140-2 కింద ఇచ్చినవన్నీ 2026 సెప్టెంబరుకి ఆ జాబితాకే చేరాలని ఎప్పుడో ముహూర్తం పెట్టేశారు.

ఆలస్యం నా బాధ కాదు. ఇన్నాళ్ళూ కూర్చుని మీరు చూసేదేమిటన్నదే నా బాధ.

ఓపెన్‌ఎస్ఎస్ఎల్ సంగతి తీసుకోండి. ఉచిత సాఫ్ట్‌వేర్, ఇంటర్నెట్ తాళాల్లో చాలావాటి వెనక ఉన్నది అదే. 2006లో దాని మాడ్యూల్‌కి సర్టిఫికెట్ ఇచ్చారు, ఆ ఏడే వెనక్కి తీసుకున్నారు, 2007లో మళ్ళీ ఇచ్చారు. 2012లో కొత్త మాడ్యూల్‌కి 1747 నంబరు వచ్చింది. ఆ నంబరు మాకూ చెల్లాలంటే సోర్స్ కోడ్ నమ్మకమైన దారిలో చేతికి రావాలన్నారు. నమ్మకమైన దారంటే పోస్టులో వచ్చే సీడీ. అదే కోడ్, ఒక్క బిట్ తేడా లేకుండా, వాళ్ళ వెబ్‌సైట్‌లో ఉంది. కానీ దాన్ని దించుకుంటే చెల్లదు. చెల్లాలంటే మీ ముద్ర ఉన్న ఇంకో సాఫ్ట్‌వేర్‌తో సరిచూసుకోవాలి. మీ ముద్ర ఉన్న సాఫ్ట్‌వేర్ మన దగ్గర ముందే ఉంటే ఇంకోదాని కోసం ఎందుకు పోతామని అడిగినవాడు లేడు. సీడీ డ్రైవు లేని కంప్యూటర్లున్న ఆఫీసుల్లోకి సీడీలు వచ్చాయి. కవరు చించి, సీడీని బీరువాలో భద్రపరిచి, పని మాత్రం దించుకున్న ఫైలుతో కానిచ్చినవాళ్ళు లేరని నేను ప్రమాణం చేయలేను.

అదే మాడ్యూల్‌లో డ్యూయల్ ఈసీ అనే ర్యాండమ్ నంబర్ల యంత్రం ఉండేది. ఈ కథ దగ్గర కాసేపు ఆగుతాను, దొరవారు ఏమీ అనుకోకపోతే. తాళంచెవి తయారు కావాలంటే ఎవరూ ఊహించలేని అంకెలు కావాలి, వాటిని పుట్టించే పద్ధతి అది. అమెరికా గూఢచారి సంస్థ ఎన్ఎస్ఏ పూనికతో 2006లో నిస్ట్ ప్రమాణంలోకి ఎక్కింది. మరుసటేడే డాన్ షుమో, నీల్స్ ఫెర్గూసన్ అనే ఇద్దరు మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ఒక సభలో లేచి, ఇందులో వాడిన స్థిరాంకాల వెనక గుట్టు తెలిసినవాడెవడైనా ఉంటే రాబోయే అంకెలన్నీ వాడికి ముందే తెలిసిపోతాయి అని చూపించారు. దొడ్డితలుపు అన్నమాట. అయినా ప్రమాణంలోంచి తీయలేదు. 2013లో ఎన్ఎస్ఏ గుట్టు విప్పిన స్నోడెన్ కాగితాలు బయటపడ్డాకే దాన్ని వాడొద్దని నిస్ట్ చెప్పింది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయంటారు. ఇక్కడ ఆరేళ్ళు.

అసలు ముచ్చట అది కాదు. ఆ 2013 డిసెంబరులోనే ఓపెన్‌ఎస్ఎస్ఎల్ మాడ్యూల్‌లో ఉన్న డ్యూయల్ ఈసీ అసలు పనే చేయదని తేలింది. నిజంగా వాడబోతే ఆగిపోతుంది, లేదా కూలిపోతుంది. మరి మీ పరీక్షలు? అన్నీ పాసైంది! పరీక్షలో అంకెలు బాగానే ఇచ్చింది, బయట మాత్రం ఒక్క అంకె ఇవ్వలేదు. ఎంసెట్‌లో ర్యాంకు కొట్టి ఫ్యూజు మార్చడం రాని ఇంజినీరు మా వీధిలోనూ ఉన్నాడు, కాబట్టి మిమ్మల్ని తప్పు పట్టలేను. దిద్దడానికి ఒక్క వరుస చాలు. దిద్దం అన్నారు ఓపెన్‌ఎస్ఎస్ఎల్ వాళ్ళు: మీ ముద్ర పడ్డ మాడ్యూల్‌ని కదపాలంటే బోలెడు ఖర్చు, బోలెడు శ్రమ, ఎలాగూ మొత్తం తీసేసే పనిలో ఉన్నాం అని. దొడ్డితలుపుందని అనుమానమున్న యంత్రం, పైగా పని చేయనిది, పైగా పాసైనది, పైగా దిద్దకూడనిది. మీ చరిత్ర ఎవరైనా రాస్తే ముఖచిత్రానికి ఇది పనికొస్తుంది.

ఆ తర్వాత 2014లో హార్ట్‌బ్లీడ్ వచ్చింది, సర్వర్ మెమరీలోని రహస్యాలు బయటికి కారిపోయే రంధ్రం. అదీ ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లోదే. మీరు మాత్రం నిర్దోషి. ఎందుకంటే రంధ్రం మీరు గీసిన బౌండరీకి, అంటే మీరు పరీక్షించే భాగం చుట్టూ ఉన్న గీతకి, అవతల పడింది. లక్ష్మణరేఖ లోపల అంతా భద్రం, సీతమ్మ మాత్రం కనపడటం లేదు.

2010లో బయటపడ్డ యూఎస్‌బీ డ్రైవుల కథ ఇంకా చిన్నది. శాన్‌డిస్క్, కింగ్‌స్టన్, వెర్బాటిమ్ అమ్మిన కొన్ని డ్రైవులకి మీ రెండో లెవెల్ ముద్ర ఉంది. లోపలి ఎన్‌క్రిప్షన్ శుభ్రంగా ఉంది. కానీ కొన్నవాళ్ళు ఏ పాస్‌వర్డ్ పెట్టుకున్నా, అది సరైనదని తేలాక కంప్యూటర్ నుంచి డ్రైవుకి వెళ్ళే "తెరుచుకో" సందేశం ఎప్పుడూ ఒకటే అని ఒక జర్మన్ సంస్థ కనిపెట్టింది. ఆ సందేశం నేరుగా పంపితే పాస్‌వర్డ్ అక్కర్లేదు. ఇదీ బౌండరీ అవతలి బాగోతమే.

2019 నాటి యూబీకీ కథ చెప్పకుండా ఉండలేను. యూబికో అనే కంపెనీ ఆ పేరుతో చిన్న భద్రతా తాళంచెవులు అమ్ముతుంది. మామూలువి ఒక రకం, మీ ముద్ర కోసం ప్రత్యేకంగా చేసిన ఫిప్స్ రకం ఇంకోటి. కరెంటు అందగానే మాడ్యూల్ తనను తాను పరీక్షించుకోవాలని మీ నియమం కదా. ఆ పరీక్షలో వాడిన అంకెలు కొన్ని ర్యాండమ్ అంకెలుండాల్సిన చోట మిగిలిపోయాయి. దాంతో కరెంటు వచ్చిన కొత్తలో చేసే మొదటి కొన్ని పనుల్లో ఊహకందే అంకెలు కలిశాయి. లోపం ఫిప్స్ రకంలోనే, మామూలు రకంలో లేదు. ఎక్కువ డబ్బు పోసి కొన్నవాళ్ళకి కంపెనీ వాటిని వెనక్కి తీసుకుని కొత్తవి ఇచ్చింది. కంచే చేను మేసిందంటే ఒప్పుకోరు మీరు. కంచె చేనును పరీక్షించింది, అంతే!

ఇప్పుడు మా ఇంటి సంగతి. కిందటేడు ఒక శుక్రవారం సాయంత్రం మా మాడ్యూల్‌లో ఒక లోపం కనపడింది. పని అయిపోయాక తాళంచెవిని మెమరీ నుంచి తుడిచేయాలి, ఒక దారిలో మాత్రం తుడవట్లేదు. రెండు వరుసల ప్యాచ్. అరగంటలో రాశాను, గంటలో టెస్టులు నడిచాయి. సంతోషంగా మేనేజర్ దగ్గరికి వెళ్తే ఆయన మొహం చూడాలి, ఇంట్లో దొంగను పట్టుకున్నానంటే దొంగ ఎందుకు పట్టుబడ్డాడని ఏడ్చినట్టుంది. "మాడ్యూల్ లోపలా, బయటా?" "లోపలే సార్." "అయితే ముట్టుకోకు." సెక్యూరిటీ లోపాలు దిద్దడానికి మీరు వేరే దగ్గరిదారి పెట్టారని నాకు తెలుసు. ఆ దారిలోనూ ల్యాబ్ ఉంది, ఫీజుంది, వరసలో నిలబడటం ఉంది. ఈలోగా కస్టమర్‌ని అడిగాం: రంధ్రం ఉండి నంబరున్నది కావాలా, రంధ్రం పూడ్చి నంబరు లేనిది కావాలా? ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఆడిటర్ రంధ్రం గురించి అడగడు, నంబరు అడుగుతాడు" అన్నాడు. రెండు వరుసలూ అసలు కోడ్‌లో కలవకుండా పక్కన ఒక బ్రాంచ్‌లో పడుకుని ఉన్నాయి. అప్పుడప్పుడు వెళ్ళి పలకరించి వస్తుంటాను.

ఇంకో కస్టమర్ మొత్తం సర్వర్‌ని ఫిప్స్ మోడ్‌లో, అంటే మీరు ఒప్పుకున్న పద్ధతులు తప్ప ఇంకేవీ నడవని తీరులో పెట్టి రాత్రి రెండింటికి ఫోన్ చేశాడు, బొమ్మలు కనపడటం లేదని. బొమ్మల ఫైళ్ళకి పేర్లు పెట్టడానికి ఎవరో ఎండీ5 అనే పాత హ్యాష్ పద్ధతి (ఫైలు నుంచి చిన్న గుర్తు తీసేది) వాడారు. ఎండీ5 భద్రతకి పనికిరాదు, నిజం. ఫైలు పేరు పెట్టడం భద్రత కాదు, అదీ నిజం. మీ మోడ్‌కి ఆ తేడా పట్టదు. 2014లో మైక్రోసాఫ్ట్ వాళ్ళే, ప్రభుత్వ నిబంధన తప్పనిసరైతే తప్ప విండోస్‌లో ఈ మోడ్ పెట్టుకోమని ఇక మేం చెప్పం అని రాశారు.

అలాగని మీరు లేకపోతే బాగుంటుందని నేననను. మీరు రాకముందు ఏ సేల్స్‌మాన్ ఏ చెత్త అమ్మినా అడిగే దిక్కులేదు. ఇప్పటికీ మీ గాలి సోకని చోట "మిలిటరీ గ్రేడ్" అని అట్టపెట్టె మీద అచ్చేసి ఏదైనా అమ్మేస్తారు. మీ ల్యాబ్ వాళ్ళు పెట్టే అల్గారిథమ్ పరీక్షలు కఠినమైనవే. నా కోడ్‌లో ఒకసారి నిజమైన తప్పు పట్టుకున్నారు, సిగ్గుతో రెండ్రోజులు టీ టైమ్‌కి బయటికి రాలేదు.

మీ కీర్తి మా తెలుగునేల దాకా వచ్చింది, అది కూడా మనవి చేసుకోవాలి. మన దేశంలో డిజిటల్ సంతకం ఉండే యూఎస్‌బీ టోకెన్‌కి మీ రెండో లెవెల్ ఉండాలని నియమం. మా బాబాయి విజయవాడలో రోడ్ల కాంట్రాక్టరు, టెండర్ వేయాలంటే ఆ టోకెన్ తప్పనిసరి. రెండో లెవెల్ అంటే ఎవడైనా విప్పి చూస్తే విప్పినట్టు ఆనవాలు కనపడాలి. విప్పాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. బాబాయి టోకెన్ బాబాయి దగ్గర ఎప్పుడూ లేదు. అది ఆడిటర్ గారి డ్రాయరులో, ఇంకో ముప్ఫైమంది టోకెన్లతో కలిసి, రబ్బరు బ్యాండులో ఉంటుంది. దేని పిన్ దాని మీదే తెల్ల ప్లాస్టర్ అంటించి బాల్‌పెన్నుతో రాసి ఉంటుంది. "పోతుందేమో బాబాయ్" అంటే, "గవర్నమెంటు సర్టిఫికెట్ ఉందిరా దానికి" అన్నాడు ధీమాగా.

అంచేత నా విన్నపం ఒక్కటే. మమ్మల్ని పరీక్షించడం మానొద్దు, ఇంకా గట్టిగా పరీక్షించండి. ఐదేళ్ళు ఒక్క వరుస కూడా మారని కోడ్ పక్కన మాత్రం "భద్రం" అని రాయకండి. "కదల్లేదు" అని రాయండి.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఫిప్స్ బిల్డ్ చూసేవాడు

తా.క.: పంపేముందు మరోసారి చదివితే మూడో పేరాలో "దరఖాస్తు"కి "ధరఖాస్తు" అని పడింది. మీ ల్యాబ్ ఫీజులు తలుచుకుంటూ రాయడం వల్ల అలా పడి ఉంటుంది. ఒక్క ఒత్తు తీస్తే సరిపోతుంది. కానీ ఈ ఉత్తరాన్ని మా లీగల్ వాళ్ళు చదివి, ఇలాగే పంపొచ్చని నిన్ననే సంతకం పెట్టారు. అందుకని ముట్టుకోలేదు.