ల్యాబ్ తలుపు తెరిచి ఉంచండి

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న రోజుల్లో విలియం హ్యూలెట్ తన థీసిస్ కోసం ఒక ఆసిలేటర్, అంటే కావలసిన ఫ్రీక్వెన్సీలో విద్యుత్ సంకేతాన్ని పుట్టించే పరికరం, తయారు చేశారు. అలాంటి పరికరాలు అంతకుముందూ ఉన్నాయి కానీ వాటికి ఖరీదెక్కువ, నిలకడ తక్కువ. హ్యూలెట్ చేసిన పనల్లా తన సర్క్యూట్‌లో ఒక మామూలు చిన్న బల్బు పెట్టడం. సిగ్నల్ పెరిగితే బల్బులోని ఫిలమెంట్ వేడెక్కి నిరోధకత పెరుగుతుంది, సిగ్నల్ అదుపులోకి వస్తుంది. సిగ్నల్ తగ్గితే ఫిలమెంట్ చల్లబడి మళ్లీ పుంజుకోనిస్తుంది. అంత చిన్న ఉపాయంతో పరికరం కుదురుగా పనిచేసింది.

ఆయన గురువు ఫ్రెడరిక్ టెర్మన్ మార్కులు వేసి ఊరుకోలేదు. దూరాన ఉద్యోగం చేసుకుంటున్న పాత విద్యార్థి డేవిడ్ ప్యాకార్డ్‌ను, ఫెలోషిప్ ఇప్పించి మరీ వెనక్కి రప్పించారు. 1939లో 538 డాలర్ల పెట్టుబడితో ఒక గ్యారేజీలో వాళ్లిద్దరి హ్యూలెట్-ప్యాకార్డ్ (హెచ్‌పీ) సంస్థ మొదలైంది. డిస్నీ స్టూడియో వాళ్ల దగ్గర 8 ఆసిలేటర్లు కొన్నది.

ఆ గ్యారేజీ గురించి ప్రపంచమంతా చెప్పుకుంటుంది. గ్యారేజీకి ముందున్న ల్యాబ్ గురించి, పిలిచి దారి చూపిన ఆ మాస్టారి గురించి చెప్పుకునేది తక్కువ. మా దృష్టిలో అసలు సంగతి అక్కడే ఉంది.

కొత్తగా ఏదైనా మొదలుపెట్టాలనుకునే ఇరవై ఏళ్ల కుర్రాడికో అమ్మాయికో ముందుగా కావలసింది పెట్టుబడి అని అందరూ అనుకుంటారు. డబ్బు కావాలి, కాదనం. అంతకంటే ముందు పాడైనా పర్వాలేదని చేతికిచ్చే పరికరం కావాలి. ‘ఇది పనికొస్తుంది, వదలకు’ అనే పెద్దమనిషి కావాలి. తనకు రాని పని తెలిసిన ఇంకో విద్యార్థి పక్క గదిలో ఉండాలి. ఇవన్నీ ఒకే గోడల మధ్య దొరికే చోటు విశ్వవిద్యాలయం తప్ప మరొకటి లేదు. బయటి ప్రపంచంలో వీటిని ఒక్కొక్కటిగా వెతుక్కోవడానికే ఏళ్లు పడుతుంది.

2007లో అదే స్టాన్‌ఫర్డ్‌లో ఒక కోర్సులో నలుగురు విద్యార్థులకు ఒక పని అప్పగించారు. నెలలు నిండకుండా పుట్టిన శిశువుల కోసం చౌకగా ఇంక్యుబేటర్ తయారు చేయాలి. ఉన్న యంత్రంలో భాగాలు తగ్గిస్తే సరిపోతుందని ఎవరైనా అనుకుంటారు. కానీ వాళ్లలో ఒకరు నేపాల్ వెళ్లి చూస్తే ఆసుపత్రిలో ఇంక్యుబేటర్లు ఖాళీగా ఉన్నాయి. వాటి అవసరమున్న పసికందులు దూరపు పల్లెల్లో పుడుతున్నారు, ఆసుపత్రి దాకా రానే రావడం లేదు. దాంతో ప్రశ్నే మారిపోయింది. కరెంటు నిరంతరం లేకపోయినా పనిచేసేది, తల్లి చేతుల్లో ఇమిడేది కావాలి. అలా పుట్టింది బిడ్డను చుట్టి ఉంచే సంచి. అందులో మైనం లాంటి పదార్థాన్ని ఒకసారి కరిగించి పెడితే గంటల తరబడి 37 డిగ్రీల దగ్గర వెచ్చదనాన్నిస్తుంది. ‘ఎంబ్రేస్’ పేరుతో అదే ఒక సంస్థ అయింది. కోర్సు పూర్తయ్యాక నివేదిక బీరువాలో పెట్టేసి ఉంటే ఆ సంచి ఉండేది కాదు. విద్యార్థి తరగతి గది దాటి వెళ్లి సమస్యను కళ్లారా చూడటానికి వీలు కల్పించిన కోర్సు వల్లే అది సాధ్యమైంది.

అందరూ సంస్థలు పెట్టాలని మేము అనడం లేదు. ఎక్కువమంది మంచి ఉద్యోగం కోసమే చదువుతారు, అందులో చిన్నతనమేమీ లేదు. ఆ దారిలోనూ విశ్వవిద్యాలయం చేయగలిగింది చాలా ఉంది. 1906లో అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడు హెర్మన్ ష్నైడర్ 27 మంది ఇంజినీరింగ్ విద్యార్థులతో ఒక కొత్త పద్ధతి మొదలుపెట్టారు. కొంతకాలం క్లాసు, కొంతకాలం ఫ్యాక్టరీ, మళ్లీ క్లాసు. ఫ్యాక్టరీలో చేసిన పనికి కూలి కూడా ఇచ్చేవారు. కెనడాలో 1957లో మొదలైన వాటర్లూ విశ్వవిద్యాలయం ఆ పద్ధతినే తన చదువుకు వెన్నెముకగా చేసుకుంది. డిగ్రీ చేతికొచ్చే నాటికి ఆ విద్యార్థి పలుచోట్ల పనిచేసి, తనకేది సరిపడుతుందో, ఏది సరిపడదో తేల్చుకుని ఉంటాడు. ఇంటర్వ్యూ అంటే టెన్షన్ కూడా అంతగా ఉండదు.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. జీతం లేని ఇంటర్న్‌షిప్ అవకాశం కాదు. ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోగలిగిన వాళ్లే నెలల తరబడి ఉచితంగా పనిచేయగలరు. చదువుకుంటూనే ఇంటికి ఎంతో కొంత పంపాల్సిన విద్యార్థి ఆ పేరు వినగానే పక్కకు తప్పుకుంటాడు. కుటుంబంలో తొలిసారి డిగ్రీ గడప తొక్కిన వాళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది. ఫెలోషిప్ ఉందని, దానికి దరఖాస్తు చేసుకోవచ్చని వాళ్లకు చెప్పేవారే ఉండరు. నోటీసు బోర్డు మీద కాగితం అంటించి, వెబ్‌సైట్‌లో ఒక లింకు పెట్టి ‘అందరికీ సమాన అవకాశం’ అంటే కుదరదు. సంగతి ముందే తెలిసిన వాళ్లకే ఆ కాగితం కనబడుతుంది. టెర్మన్ చేసినట్టు అధ్యాపకులే పేరుపెట్టి పిలవాలి. ముందు బెంచీ విద్యార్థులనే కాదు, వెనక కూర్చుని నోరు విప్పని వాళ్లనూ.

ఓడిపోవడానికి కూడా చోటుండాలి. ఇంటర్నెట్‌లో రద్దీని తగ్గించే గణిత పద్ధతి మీద పనిచేసిన, అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ టామ్ లైటన్, ఆయన విద్యార్థి డేనియల్ లెవిన్ 1998లో అక్కడి వ్యాపార ప్రణాళికల పోటీకి వెళ్లారు. ఫైనల్ దాకా వచ్చి గెలవలేకపోయారు. అదే ఏడాది, వెబ్‌సైట్లు వేగంగా తెరుచుకునేలా చేసే అకమాయ్ సంస్థను స్థాపించారు. పోటీకి సిద్ధమయ్యే క్రమంలో వాళ్లకు లెక్కలు వేయడం, తోడు రాగలవాళ్లు ఎవరో తెలుసుకోవడం అలవడ్డాయి. ప్రయత్నం ఫలించని విద్యార్థికి హాజరు తక్కువైందని పరీక్ష రాయనివ్వకపోతే, ఆ ఏడాది వృథా అయిందని ఇంటా బయటా మాట పడితే, రెండోవాడు ఆ జోలికి పోడు.

పేటెంట్ హక్కుల విషయంలో విశ్వవిద్యాలయాలకు కొంత ఓపిక కావాలి. గూగుల్ స్థాపకులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ విద్యార్థులుగా విశ్వవిద్యాలయ కంప్యూటర్ల మీదే తమ సెర్చ్ ఇంజిన్ నడిపారు. దాని పేటెంటు స్టాన్‌ఫర్డ్‌దే. ఆ విశ్వవిద్యాలయం గూగుల్‌కు లైసెన్స్ ఇచ్చి, బదులుగా వాటాలు తీసుకుంది. 2005లో వాటిని అమ్మితే వచ్చింది 33.6 కోట్ల డాలర్లు. మొదటి రోజే భారీ ఫీజు అడిగి ఉంటే ఆ ఇద్దరు విద్యార్థులు ఎక్కడ నుంచి తెస్తారు?

విశ్వవిద్యాలయాల పాలక మండళ్లను మేము కోరేది పెద్దదేమీ కాదు. ప్రయత్నం చేసే విద్యార్థికి చదువు మధ్యలో ఒక సెమిస్టర్ విరామం ఇచ్చి, తిరిగొస్తే సీటు అలాగే ఉంచండి. ఆ పనికి క్రెడిట్లు ఇవ్వండి. విద్యార్థి సొంతంగా చేసిన దాని మీద హక్కు ఎవరిదో చేరిన రోజే అర్థమయ్యే భాషలో రాసి ఇవ్వండి. విద్యార్థుల వెంట ఉండి సమయం వెచ్చించే అధ్యాపకుడికి పదోన్నతిలో దాన్ని లెక్కలోకి తీసుకోండి. వీటికి సమావేశాలు, తీర్మానాలు కావాలి, కొంత ఆలస్యం కావచ్చు. కానీ సాయంత్రం 5 గంటలకు తాళం పడుతున్న ల్యాబ్‌ను రాత్రి 10 దాకా తెరిచి ఉంచడానికి కొత్త భవనం అక్కర్లేదు. ఒక టెక్నీషియన్‌ను అదనంగా నియమిస్తే వచ్చే సోమవారం నుంచే మొదలుపెట్టవచ్చు.