'పుట్ ఆఫ్', 'పుట్ అప్' బట్టీ పట్టమంటున్న ఆ మెసేజ్‌కి జవాబు

ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ల మధ్య ఈమధ్య ఫ్రేజల్ వెర్బ్‌ల మీద, అంటే వెర్బ్ పక్కన చిన్న ముక్క చేరి ఏర్పడే జంటల మీద, ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది. 'పుట్' లాంటి చిన్న వెర్బ్ పక్కన ఆఫ్, ఆన్, అప్, అవుట్ అంటూ ఏ అడ్వర్బ్ తగిలించినా వచ్చే అర్థానికి లాజిక్ ఉండదు కాబట్టి జాబితా మొత్తం బట్టీ పట్టాలట. 'స్లో అప్', 'స్లో డౌన్' రెండూ ఒకటే కావడం ఆ భాషకు తలాతోకా లేదనడానికి సాక్ష్యమట. అడ్వర్బ్‌ని ఆబ్జెక్ట్‌కి ముందు పెట్టినా వెనక పెట్టినా తేడా లేదట. ఇవన్నీ వీధి భాషట, ఆఫీసు రాతల్లో వాడితే పరువు పోతుందట. ఆ అడ్వర్బ్ వాక్యం చివర మాత్రం అస్సలు రాకూడదట. మెసేజ్ కింద ఒక పొడవాటి జాబితా. ఇందులో అక్కడక్కడా సగం నిజం ఉంది, అందుకే జనం నమ్మేస్తున్నారు.

ముందు లాజిక్ సంగతి. 'పుట్'కి సొంతంగా ఉన్న అర్థం చాలా తక్కువ, పెట్టడం అంతే. పని చేసేది పక్కనున్న ముక్క. 'ఆఫ్' అంటే దూరం జరగడం, తెగిపోవడం. మీటింగ్‌ని 'పుట్ ఆఫ్' చేస్తే దాన్ని ఇవాళ్టి నుంచి దూరంగా నెట్టారు. ఏదో వాసన మిమ్మల్ని 'పుట్ ఆఫ్' చేసిందంటే మీ మనసుని తిండి నుంచి దూరంగా నెట్టింది. చదువుకుంటుంటే పక్కవాడి గోల 'పుట్ ఆఫ్' చేసిందంటే మీ ధ్యాసని పుస్తకం నుంచి లాగేసింది. డిక్షనరీలో మూడు వేర్వేరు అర్థాలుగా కనిపిస్తాయి గానీ మూడింట్లోనూ జరిగింది ఒకే నెట్టుడు. అలాగే 'ఆన్' అంటే అంటిపెట్టుకోవడం: చొక్కా 'పుట్ ఆన్', బరువు 'పుట్ ఆన్', లేని యాస తెచ్చిపెట్టుకోవడం కూడా 'పుట్ ఆన్'. 'అవుట్' కాస్త గడుసుది. మంట 'పుట్ అవుట్' చేస్తే అది లేకుండా పోతుంది, ప్రకటన 'పుట్ అవుట్' చేస్తే అది జనంలోకి వస్తుంది. ఒకటి మాయం కావడం, ఇంకోటి బయటపడడం. ఈ రెండు దారులూ పట్టుకుంటే 'డై అవుట్', 'వేర్ అవుట్' ఒకవైపు, 'ఫైండ్ అవుట్', 'లీక్ అవుట్' ఇంకోవైపు సర్దుకుంటాయి. అంటే జాబితా రాసుకోవాల్సింది వెర్బ్ పేరు మీద కాదు, అడ్వర్బ్ పేరు మీద. ఆ మెసేజ్ దీన్ని తలకిందులు చేసింది.

సగం నిజం ఎక్కడంటే 'పుట్ అప్ విత్' లాంటివాటి దగ్గర. భరించడం అనే అర్థం అందులోకి ఎలా వచ్చిందో ముక్కలు విడదీసి చెప్పడం కష్టం. అలాంటివి గుర్తుపెట్టుకోవాల్సిందే. కానీ ఆ కొన్నిటి కోసం మిగతా అన్నిటినీ లాటరీ అనడం దేనికి? మన వాడుక చూడండి. 'తిన్నాడు' వేరు, 'తినేశాడు' వేరు. రెండోదాంట్లో 'వేయడం' ఉన్నా ఎవడూ ఏదీ విసరలేదు, పని పూర్తయిందని తెలుస్తుంది. 'ఈట్ అప్', 'యూజ్ అప్', 'డ్రై అప్' అన్నప్పుడు 'అప్' చేసే పని అచ్చం అదే. దీన్ని మనం చిన్నప్పటి నుంచి టెన్షన్ లేకుండా వాడుతూనే ఉన్నాం.

ఇది ఒప్పుకుంటే 'స్లో అప్' గోల కూడా సగం తీరిపోతుంది. అక్కడ 'అప్' అంటే పైకి అని కాదు. కాగితం 'బర్న్ అప్' అయితే ఏమీ మిగలకుండా కాలిపోయింది, ఇల్లు 'బర్న్ డౌన్' అయితే కాలి నేలకూలింది. రెండూ కాలడమే, చూసిన వైపు వేరు. ఫారం 'ఫిల్ ఇన్' చేయొచ్చు, 'ఫిల్ అవుట్' చేయొచ్చు, కానీ ఫారంలో మీ పేరుని 'ఫిల్ ఇన్' మాత్రమే చేస్తారు. ఎందుకంటే 'ఇన్' ఖాళీని చూస్తోంది, 'అవుట్' మొత్తం ఫారాన్ని చూస్తోంది. పిచ్చి అని కొట్టిపారేసిన చోట ఇంత సన్నని తేడా ఉంది.

ఇక ముందైనా వెనకైనా ఒకటే అన్న మాట. నా లెక్కలో ఆ మెసేజ్‌లో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే, ఎందుకంటే మిగతావి నమ్మితే సమయం వృథా అవుతుంది గానీ ఇది నమ్మితే వాక్యమే తప్పవుతుంది. ఆబ్జెక్ట్ మామూలు నామవాచకం అయితే నిజంగానే రెండూ నడుస్తాయి: 'పుట్ ఆఫ్ ద మీటింగ్', 'పుట్ ద మీటింగ్ ఆఫ్'. అదే 'ఇట్', 'హిమ్', 'దెమ్' లాంటి ప్రొనౌన్ వస్తే మధ్యలో కూర్చోవాల్సిందే: 'పుట్ ఇట్ ఆఫ్'. 'పుట్ ఆఫ్ ఇట్' అనకూడదు. ఆబ్జెక్ట్ మరీ పొడవైతే, అంటే ఎవరితో ఎందుకు పెట్టుకున్న మీటింగో అంతా అందులోనే చెబుతుంటే, అడ్వర్బ్‌ని వెర్బ్ పక్కనే ఉంచేయాలి, లేకపోతే వినేవాడు ఆ 'ఆఫ్' వచ్చేసరికి వెర్బ్ మరిచిపోతాడు.

అన్నిటికీ ఇదే వర్తిస్తుందా అంటే, అదీ లేదు. ఆ ముక్క అడ్వర్బ్ కాకుండా ప్రిపొజిషన్ అయితే, అంటే వెర్బ్‌తో కాక తన వెనకొచ్చే నామవాచకంతో జతకడితే, కథ మారుతుంది. 'రాన్ అప్ ఎ బిల్' అంటే బిల్లు పెంచేశాడు, 'రాన్ అప్ ఎ హిల్' అంటే కొండ ఎక్కుతూ పరిగెత్తాడు. చూడ్డానికి కవల పిల్లలు. 'ఇట్' పెట్టి చూడండి: బిల్లుకి 'రాన్ ఇట్ అప్', కొండకి 'రాన్ అప్ ఇట్'. గట్టిగా చదివినా దొరికిపోతుంది, 'రాన్ ఇట్ అప్'లో ఊనిక 'అప్' మీద పడుతుంది, 'రాన్ అప్ ఇట్'లో మామూలుగా పడదు. చోటు మారితే అర్థమే మారే జంటలూ ఉన్నాయి. 'సీ ఇట్ త్రూ' అంటే మొదలుపెట్టిన పనిని చివరిదాకా నడపడం, 'సీ త్రూ ఇట్' అంటే అందులోని మోసం కనిపెట్టడం. కష్టంలో ఉన్న స్నేహితుడికి తోడు నిలిచానని చెప్పబోయి 'ఐ సా త్రూ హిమ్' అన్నారనుకోండి, వాడి బండారం తెలిసిపోయిందని చెప్పినట్టే. తేడా లేదంటారా మరి?

వీధి భాష అన్న ఆరోపణకి పెద్దగా చెప్పక్కర్లేదు. కోర్టు తీర్పుని 'సెట్ అసైడ్' చేస్తుంది, కంపెనీని 'వైండ్ అప్' చేస్తారు, రాని బాకీని పద్దుల్లో 'రైట్ ఆఫ్' చేస్తారు, పరిశోధన పత్రాల్లో ప్రయోగాలు 'క్యారీ అవుట్' చేశామని రాస్తారు. వీటిలో ఏది వీధి? 'పుట్ ఆఫ్' కంటే 'పోస్ట్‌పోన్' కాస్త పెద్దమనిషి తరహాలో వినిపిస్తుంది, అది ఒప్పుకుంటాను. కానీ ఆ 'పోస్ట్‌పోన్'ని లాటిన్‌లో విప్పితే వచ్చేది 'తర్వాత', 'పెట్టు', అదే సరుకు. పోనీ ఇది ఈ తరం పోకడా అంటే, శామ్యూల్ జాన్సన్ 1755లో తన ఇంగ్లిష్ డిక్షనరీ ముందుమాటలోనే వెర్బ్ వెనక ఇలాంటి ముక్క చేర్చే అలవాటు విదేశీయులకు అన్నిటికంటే కష్టమని చెప్పి, 'సెట్ అవుట్', 'బ్రేక్ ఆఫ్' లాంటివి ఉదాహరణలుగా ఇచ్చాడు. 'ఫ్రేజల్ వెర్బ్' అన్న పేరు 1925లో రచయిత లోగన్ పియర్సల్ స్మిత్ ద్వారా ప్రచారంలోకి వచ్చింది గానీ, వాడుక అంతకు ఎంతో ముందుది.

వాక్యం చివర రాకూడదన్నది ఇంకో దారి తప్పిన నియమం. అసలు గొడవ ప్రిపొజిషన్ల మీద. కవి జాన్ డ్రైడెన్ 1672లో నాటకకర్త బెన్ జాన్సన్ రాతలో ప్రిపొజిషన్‌తో ముగిసిన వాక్యాన్ని తప్పుపట్టాడు, అక్కణ్నుంచి అది బళ్లలోకి పాకింది. ప్రిపొజిషన్ల విషయంలోనే దాన్ని ఇప్పుడు పెద్దగా ఎవరూ పాటించరు, అడ్వర్బ్‌లకు అసలు సంబంధమే లేదు. 'సిట్ డౌన్', 'కమ్ ఇన్' చివర ఏముంది? వాటిని ఎటు తిప్పుతారు? ఈ నియమాన్ని వెక్కిరిస్తూ 'అప్ విత్ విచ్ ఐ విల్ నాట్ పుట్' అని ఒక జోకు ఉంది. చర్చిల్ అన్నాడని చెబుతారు, దానికి గట్టి ఆధారం లేదు. ఎవరన్నా సరే, 'పుట్ అప్ విత్'ని విరగ్గొడితే ఎంత వికారంగా ఉంటుందో ఒక్క ముక్కలో చూపించారు.

చివరిగా ఆ జాబితా గురించి. అందులో 'కీప్ అప్ విత్', 'పుట్ అప్ విత్' పక్కనే 'కోప్ అప్ విత్' అని కూడా ఉంది. ఆ రెండింటినీ చూసి మూడోదానికి తోక తగిలించేశారు. ఎవరితోనైనా సమానంగా పరిగెత్తాలంటే వాళ్ల మట్టానికి రావాలి గనక 'కీప్'కి 'అప్' కావాలి. 'కోప్' అంటేనే తట్టుకుని నెగ్గుకురావడం, దానికి 'విత్' ఒక్కటే చాలు. మెసేజ్ ఇంకొకరికి పంపాలనే ఉంటే కనీసం ఆ ఒక్క 'అప్' కొట్టేసి పంపండి.