మహారాజశ్రీ స్ఫూర్తి గారికి, గోదావరి ఏటిగట్టు నుంచి

అయ్యా,

కథలకి ఊహలందించే తమరికి, చిన్న సినిమాలు తీసుకునేవాళ్లం రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి. క్షేమం లేనిదల్లా స్క్రిప్టుకే.

తమరు పొద్దున్న ఐదున్నరకి గట్టు మీదికి వేంచేస్తారండి. సంతోషం. కానీ వచ్చిన ప్రతిసారీ అదే మూటా? ఎర్రటి పొద్దు, ఒంటరి నావ, వంగిన కొబ్బరిచెట్టు, పులస పులుసు, మాటకి ముందో ‘ఆయ్’ వెనకో ‘ఆయ్’. ఇవన్నీ కలిపితే డ్రోన్ షాట్ అవుతుంది, సీను అవదు. సీనంటే ఒకడికి ఏదో కావాలి, ఇంకొకడు అడ్డం పడాలి. కొబ్బరిచెట్టుకి ఏం కావాలండీ, ఎరువు తప్ప? పైగా ఏసీ గదిలోంచి తెచ్చిన కెమెరాని ఈ గాలిలో పెట్టగానే లెన్సుకి చెమట పడుతుంది. సంచిలోనే అరగంట ఉంచాలి. ఆలోపు తమరి ఎర్రపొద్దు తెల్లబడి కూర్చుంటుంది.

పోనీ మూట తెచ్చేముందు పంచాంగమన్నా చూస్తారా? ఆగస్టులో కూర్చోబెట్టి ‘నిండు కాలువ పక్కన వీడ్కోలు’ అని రాయిస్తారు. డబ్బులు పోగై యూనిట్ దిగేది మే నెలలో. దాళ్వా, అదే రెండో పంట, అయ్యాక కాలువలు కట్టేస్తారని, మళ్లీ నీళ్లు వదిలేది జూన్‌లోనని తమరికెవరూ చెప్పలేదు కాబోలు. వీడ్కోలు కాస్తా గుర్రపుడెక్క ఎండిన బురద పక్కన జరుగుతుంది. అదే సీను సగం ఫిబ్రవరిలో, సగం కోతలయ్యాక తీశారా, హీరో పచ్చటి చేలో నోరు తెరిచి కొయ్యకాళ్ల మధ్య మూస్తాడు.

వరద రాయించేటప్పుడైనా ధవళేశ్వరం వైపు ఒకసారి చూడండి. కాటన్ బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మూడు అంకెలు, మూడు అంకాలు! ఏటి మధ్య లంకలో ఒక ఇల్లు చాలు. మొదటి అంకెకి సామాను అటకెక్కుతుంది, రెండోదానికి గేదె గట్టెక్కుతుంది, మూడోదానికి ‘నేను రాను పొండి’ అని మామ్మ గడప పట్టుకుంటుంది. కథ అక్కడుంటే తమరు వరదని కూడా ఆకాశం నుంచే చూపిస్తారు. అంత ఎత్తు నుంచి మామ్మ కనపడదండీ.

లెక్కలంటే తమరికి గిట్టదని తెలుసు. మాకు తప్పదు. పేజీకి నిమిషం చొప్పున 100 పేజీలు, 20 రోజుల షెడ్యూలు, అంటే రోజుకి 5 పేజీలు తెగాలి. తమరేమో ప్రేమికుల్ని పంటు, అంటే రేవు దాటించే ఇంజను పడవ, ఎక్కించి నది మధ్యలో నాలుగు పేజీలు గుసగుసలాడిస్తారు. ఇంజను మోతలో గుసగుస వినపడదు. పంటు మళ్లగానే ఎండ ఈ చెంప మీంచి ఆ చెంప మీదికి పోతుంది, ముందు తీసిన ముక్కకి తర్వాతది అతకదు. అదే మాటల్ని నరసాపురం రేవులోనే, సఖినేటిపల్లి నుంచి పంటు వచ్చేలోపు చెప్పించి చూడండి. గుసగుస వినపడుతుంది, పైగా పంటు దగ్గరయ్యేకొద్దీ చెప్పాల్సిన మాటకి గడువు దగ్గరపడుతుంది. ఇంజను చప్పుడు విడిగా ఒక నిమిషం రికార్డు చేసుకుంటే ఎడిటింగులో కింద పరుచుకోవచ్చు. ఖర్చు తగ్గించబోతే సీను బాగుపడింది, చూశారా? ఈ ఉపాయం మాత్రం తమరిచ్చింది కాదు, మేనేజరు ఇచ్చింది.

ఇంకో చోటుంది, అటు తమరు ఎప్పుడూ రారు. దింపు అయిన, అంటే కాయలు దించేసిన, కొబ్బరితోటలో వాటిని వలిచేచోటు. నేలలో పాతిన గునపం మొనకి వలిచేవాడు కాయని దిగేసి, ఒక మెలి తిప్పుతాడు. పైన పీచు డొక్క చీలే చప్పుడు. మళ్లీ దిగేసి, మళ్లీ మెలి. కాయ ఇటు, డొక్క అటు. కళ్లు మొన మీద ఉండవు, నోరు ఊరి సంగతులు చెబుతూనే ఉంటుంది. వెయ్యి కాయల ధర పడిపోయిందని అంబాజీపేట కొబ్బరి మార్కెట్ నుంచి రైతుకి ఫోనొస్తుంది. అప్పుడు ఆ చేతులు ఆగుతాయా, జోరందుకుంటాయా? అదీ మాకు కావాల్సింది. సంగీతం అక్కర్లేదు, డ్రోన్ అసలే అక్కర్లేదు.

వీలు చూసుకుని మధ్యాహ్నం మూడింటికి అటు దయచేయండి. ఎండగా ఉంటుంది, కూర్చోడానికి డొక్కల కుప్పే. పంటు టికెట్టు తమరే కొనుక్కోవాలి, ప్రొడక్షన్ ఖాతాలో రాయం.

ఇట్లు,
తమరి కోసం గట్టు మీద మూడు డ్రాఫ్టులు చింపేసినవాళ్లం