మగ్గు మీది బొమ్మలో చేతిపని ఎంత?

బొమ్మలున్న ఫైన్ బోన్ చైనా (ఎముకల బూడిద కలిపిన పింగాణీ) మగ్గు మీద తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది: ‘చేత్తో వేసిన బొమ్మా? కాదు, అతికించిన స్టిక్కరే కదా!’ సగం నిజమే. నేటి మగ్గుల్లో ఎక్కువ వాటికి బొమ్మ డెకాల్ (కాగితం మీద అచ్చువేసి, మగ్గు మీదికి మార్చే బొమ్మ) రూపంలోనే వస్తుంది. కానీ చేతిపనిని వెతకాల్సింది అక్కడ కాదు, ఆ బొమ్మను మోసే మట్టిలో.

ఇంగ్లండ్‌లోని కుండల పరిశ్రమ పట్టణం స్టోక్-ఆన్-ట్రెంట్‌లో, స్పోడ్ అనే పింగాణీ తయారీదారుల కుటుంబం 18వ శతాబ్దం చివర్లో కుదిర్చిన పాళ్లే ఈ మట్టికి ఇప్పటికీ ఆధారం: ఎముకల బూడిద సుమారు 50 శాతం, చైనా క్లే (తెల్లటి పింగాణీ మట్టి) 25, కార్నిష్ స్టోన్ (వేడికి కరిగి మట్టిని అతికించే రాయి) 25. పశువుల ఎముకల్లోని జిగురు తీసేసి, 1000 డిగ్రీల దాకా కాల్చి నూరితే ఆ బూడిద వస్తుంది. మగ్గును దీపానికి అడ్డంగా పట్టుకుంటే అవతలి వేళ్ల నీడ కనిపించేది దాని పుణ్యమే. (‘బోన్’ లేకుండా ఒట్టి ‘ఫైన్ చైనా’ అని రాసి ఉంటే ఈ బూడిదను ఆశించకండి.)

చిక్కు కూడా ఆ బూడిదతోనే. సగం అదే అయినప్పుడు మట్టికి సాగే గుణం ఎక్కడిది? చక్రం మీద నిలవదు. అందుకే ప్లాస్టర్ అచ్చులో పోత పోస్తారు, లేదా తిరిగే అచ్చులో నొక్కుతారు. మొదటి కాల్పు 1250 డిగ్రీల దరిదాపుల్లో. ఆ వేడికి మగ్గు కుదించుకుపోవడమే కాదు, మెత్తబడుతుంది కూడా. వేడి కాస్త మించితే ఉబ్బి వంగుతుంది, తగ్గితే వెలుతురును రానివ్వదు. పైగా పిడి ఒకవైపు లాగుతుంటే గుండ్రటి అంచు కోలగా మారుతుంది. దాన్ని ఆపడానికే రెండు మగ్గుల అంచులు కలిపి బోర్లించి కాల్చే పద్ధతి వచ్చింది. పిడి విడిగా తయారవుతుంది. మగ్గూ పిడీ ఒకే తడిలో ఉన్నప్పుడే జారుమట్టితో (నీళ్లు కలిపి పలచన చేసిన మట్టితో) అతకాలి. ఒకటి ముందే ఆరిపోతే అతుకు దగ్గర వెంట్రుకవాసి పగులు పడుతుంది. చాలాసార్లు అది బట్టీ దిగాకే కంటపడుతుంది.

గ్లేజ్ (గాజులాంటి పూత) కాల్పు మొదటి కాల్పుకన్నా తక్కువ వేడిలో, 1100 డిగ్రీల లోపే.

ఇక డెకాల్. ఖనిజ రంగులతో అచ్చువేసి, పైన వార్నిష్ లాంటి పొర పూసిన కాగితం అది. నీళ్లలో నానితే బొమ్మ కాగితాన్ని వదిలేస్తుంది. మగ్గు మీదికి జార్చి, రబ్బరు ముక్కతో మధ్య నుంచి అంచులకు నీటిని, గాలిని తోసెయ్యాలి. చుక్క నీరు మిగిలినా చాలు, బట్టీలో అది ఆవిరై బొమ్మకు చిల్లు పెడుతుంది. పైకి వెడల్పయ్యే మగ్గుకైతే డెకాల్‌ను విల్లులా వంపుతో గీయాలి, లేకపోతే ముడతలు తప్పవు. చివరి కాల్పు 800 డిగ్రీల చుట్టుపక్కల. మొదట్లోనే వేడి తొందరగా పెంచితే ఆ పొర కాలిన పొగ బయటికి పోలేక రంగు పొక్కులు లేస్తుంది.

కొనేటప్పుడు మగ్గును అద్దం మీద బోర్లించి చూడండి. ఊగితే అంచు వంకర. బొమ్మ మీద గోరు నడిపితే మిట్టగా తగిలిందా, రంగు గ్లేజ్ పైన ఉన్నట్టే. దాన్ని గరుకు పీచుతో తోమొద్దు. బంగారు గీత ఉంటే మైక్రోవేవ్ మాటే వద్దు.

నా దృష్టిలో అసలు నిలదీయాల్సింది డెకాల్‌ను కాదు, అడుగున ఉన్న ముద్రను. ‘ఇంగ్లండ్‌లో తయారైంది’ వేరు, ‘ఇంగ్లండ్‌లో చేత్తో అలంకరించింది’ వేరు. రెండోది చదివి మోసమనలేం. కానీ ఆ మగ్గును పోత పోసింది, 1250 డిగ్రీల్లో కాల్చింది ఎక్కడో ఆ ముద్ర చెప్పదు.