జిమ్ము గోడలకు జేజేలు

ఒడిశాలోని బరంపురంలో మా పేట జిమ్ము మీద ఈ మధ్య గిట్టనివాళ్లు కొన్ని మాటలు విసురుతున్నారు. లోపల అడుగు పెడితే చాలు, మనసు ఉసూరుమంటోందట. దాని వెనక ఎంత శాస్త్రం ఉందో వీళ్లకేం తెలుసు!

అద్దాల సంగతే తీసుకోండి. వ్యాయామం అలవాటు లేని ఆడవాళ్లతో 2003లో కెనడా పరిశోధకులు 20 నిమిషాలు సైకిలు తొక్కించి చూశారు. అద్దం ముందు తొక్కినవాళ్లకు, లేకుండా తొక్కినవాళ్లకన్నా నీరసం ఎక్కువ, నెమ్మది తక్కువ. మా జిమ్ములో నాలుగు గోడలకే కాదు, మధ్యలో స్తంభానికి కూడా అద్దమే. పొట్ట దాచుకుందామంటే దిక్కు లేదు.

2005లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయం వాళ్లు ట్రెడ్‌మిల్ మీద జనాన్ని పరుగెత్తిస్తూ ఎదురు గోడ మీద బొమ్మలు చూపించారు. పచ్చని పల్లె కనబడినా, చక్కని పట్నం కనబడినా తమ మీద తమకు గౌరవం పెరిగింది. వికారమైన దృశ్యాలు ఆ లాభాన్ని తగ్గించేశాయి. మా ట్రెడ్‌మిల్ ఎదుట ఫీజు బాకీదారుల జాబితా ఉంది. గోపాల్‌పూర్ సముద్రపు గాలి వచ్చే కిటికీ ఒకటుండేది. దానికి అడ్డంగా ప్రొటీను డబ్బాల బీరువా నిలబెట్టారు. సంప్రదాయం తెలిసినవాళ్లు చేసే పని అది. 1818లో విలియం క్యూబిట్ జైళ్ల కోసం తయారు చేసిన తొక్కుడు చక్రమే కదా ఈ యంత్రానికి తాత! ఖైదీకి కిటికీ దేనికి? తేడా ఒక్కటే, ఆ రోజుల్లో ఖైదీల దగ్గర ఫీజు తీసుకునేవారు కాదు.

సాక్సుల వాసన, చెవులు గింగురుమనే పాట, దాని మీద ట్రైనరు కుర్రాడి "ఆఉ గొటే! ఆఉ గొటే!" (ఇంకొక్కటి! ఇంకొక్కటి!) అనే ఒడియా కేకలు. వీటి ఫలితం మెట్లు దిగాక గాని తెలియదు. జూన్ నెల ఉక్క, ఆటోల హారన్లు, దుమ్ము, అన్నీ ఊటీలా అనిపిస్తాయి. ఎదుటి బండి మీద వేడి వేడి బరాలు, అంటే మన గారెల్లాంటివి, కనబడ్డాయంటే ఇక ఆ ఆనందానికి కొలత లేదు. ఒంట్లో కరిగిందంతా అక్కడే తిరిగి చేరుతుందనుకోండి, అది వేరే శాఖ వ్యవహారం.

ఇంత సూక్ష్మం ఆలోచించిన యజమానిని అభినందిద్దామని వెళ్లాను. మాట కలపడానికి, ఏసీ ఎప్పుడు బాగవుతుందని అడిగాను.

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"ఏసీ బాగైతే ఏడాది ఫీజు కట్టినోళ్లంతా రోజూ వచ్చీరా బావూ? ఉన్నవి రెండు ట్రెడ్‌మిల్లులు!"